క్రిమినాలజీ పిల్లలకు ఇన్‌టర్న్‌షిప్: అర్జీ ఎవరికి పెట్టాలి, ఏం రాయాలి

క్రిమినల్ లా, క్రిమినాలజీ చదివే పిల్లలు ఇన్‌టర్న్‌షిప్ అనగానే ముందు పోయేది పోలీస్ స్టేషన్‌కి. ఎస్సై మంచివాడైతే కూర్చోబెట్టి చాయ్ ఇప్పిస్తాడు, "చూద్దాంలే అమ్మా, వచ్చేవారం రా" అంటాడు. అందులో అవునూ లేదు, కాదూ లేదు. పాపం ఆయన చేతిలో ఆ అధికారమే లేదు. బయటి మనిషిని రోజూ స్టేషన్‌లో కూర్చోబెట్టాలంటే పైనుంచి కాగితం రావాలి. కమిషనరేట్ అయితే కమిషనర్ నుంచి, లేదంటే జిల్లా ఎస్పీ నుంచి.

నేను హనుమకొండ కోర్టుల్లో ఏపీపీగా, అంటే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా చేసి రిటైరయ్యాను. సుబేదారి లా కాలేజీ కోర్టుకి దగ్గరే కాబట్టి అక్కడి పిల్లలు ఇప్పటికీ "మేడం, ఎక్కడైనా చెప్పండి" అంటూ ఇంటికి వస్తుంటారు. వాళ్లను నేను మొదట అడిగేది ఒకటే: మీ కాగితం మీద సంతకం పెట్టగలిగేది ఎవరు?

జైలు చూడాలంటే సూపరింటెండెంట్ దగ్గరికి పోయి లాభం లేదు, చంచల్‌గూడలోని జైళ్ల శాఖ డీజీ ఆఫీసుకి రాయాలి. మా వరంగల్‌లో ఇప్పుడు సెంట్రల్ జైలు కూడా లేదు. 2021లో ఖాళీ చేయించి, ఖైదీలను వేరే జైళ్లకు పంపి, ఆ స్థలం ఆసుపత్రికి ఇచ్చారు. ఫోరెన్సిక్ ల్యాబ్ అయితే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఉన్న డైరెక్టర్‌కి రాయాలి. అయితే లా పిల్లలు అక్కడ ఆశ పెట్టుకోవద్దని నా సలహా. మైక్రోస్కోప్ పట్టుకోవడం వచ్చిన ఎమ్మెస్సీ పిల్లలకే అక్కడ పని. జువెనైల్ జస్టిస్ బోర్డులో ప్రిన్సిపల్ మేజిస్ట్రేట్ ఒప్పుకోవాలి, పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల కేసులు కాబట్టి అక్కడ పట్టింపు ఎక్కువ. ఢిల్లీలో ఉండగలిగితే జాతీయ మానవ హక్కుల కమిషన్ వేసవిలో, చలికాలంలో నెల రోజుల ఇన్‌టర్న్‌షిప్ పెడుతుంది, రెండు వారాల ఆన్‌లైన్‌ది కూడా ఉంది. దరఖాస్తు వాళ్ల వెబ్‌సైట్‌లోనే.

ఇవన్నీ చెప్పాక కూడా నేను పంపేది మాత్రం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకే. కోర్టు ఆవరణలోనే ఉంటుంది, అందరూ డీఎల్ఎస్ఏ అంటారు. దానికి చైర్మన్ జిల్లా జడ్జి, రోజువారీ పని చూసేది కార్యదర్శి, ఆ కార్యదర్శి కూడా జడ్జే. ఒక్క సంతకంతో అయిపోతుంది, ఎవరికీ పైసా కట్టక్కర్లేదు. సినిమాల్లో చూపించే క్రైమ్ సీన్ ఉండదని కొందరు మొహం చిన్నబుచ్చుకుంటారు. పోలీసు, జైలు, కోర్టు మూడూ ఒకే బల్ల మీద కనిపించేది మాత్రం అక్కడే.

ఆ బల్ల మీద పని ఎలా ఉంటుందో ఒకటి చెప్తాను. విచారణ తేలక జైల్లోనే ఉండిపోయిన ఖైదీల జాబితాలు డీఎల్ఎస్ఏకి వస్తాయి. 2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో (అరెస్టు, బెయిల్, విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టం) 479 సెక్షన్ ప్రకారం, ఆ నేరానికి పడగల గరిష్ఠ శిక్షలో సగం కాలం లోపలే గడిపిన మనిషిని బెయిల్ మీద విడుదల చేయాలి. ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాడైతే మూడో వంతు చాలు. ఉరిశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. మామూలు దొంగతనం తీసుకోండి. బీఎన్ఎస్, అంటే ఏ నేరానికి ఎంత శిక్షో చెప్పే చట్టం, 303(2) కింద గరిష్ఠం 3 ఏళ్లు, అంటే ఇంతకుముందు ఏ శిక్షా పడనివాడికి ఏడాది, వేరే నేరంలో శిక్ష పడినవాడికి ఏడాదిన్నర. ఆ గడువు దాటితే జైలు సూపరింటెండెంటే కోర్టుకి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టాలని అదే సెక్షన్ చెప్తుంది. కానీ మనిషి మీద ఒకటికి మించి కేసులుంటే ఈ లెక్క పనిచేయదు, ఆ మెలిక చాలామంది చదవరు. అరెస్టయిన తేదీ, సెక్షన్, గరిష్ఠ శిక్ష, మూడో వంతు నిండే తేదీ, వేరే కేసులు ఉన్నాయా లేదా, ఇలా గళ్లు గీసి పట్టిక తయారుచేసే ఓపిక ఆఫీసులో ఎవరికీ ఉండదు. అది మీరు చేసిపెడితే ఒక మనిషి ఇంటికి పోవచ్చు. క్లాసులో సెమిస్టర్ అంతా విన్నదానికన్నా ఆ పట్టికతోనే మీకు బెయిల్ అర్థమవుతుంది.

కాబట్టి అర్జీలో "నేర్చుకోవాలని ఆసక్తి ఉంది" అని రాయకండి. ఆసక్తి అందరికీ ఉంటుంది. ఏం చేసిపెడతారో రాయండి. ఇలా రాస్తే సరిపోతుంది:

"గౌరవనీయులైన కార్యదర్శి గారికి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, హనుమకొండ. అయ్యా/అమ్మా, నేను ఫలానా కాలేజీలో ఎల్ఎల్‌బీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు నాలుగు వారాలు మీ కార్యాలయంలో ఇన్‌టర్న్‌షిప్ చేయడానికి అనుమతి కోరుతున్నాను. తెలుగు, ఉర్దూ మాట్లాడగలను, తెలుగులో టైపు చేయగలను. ఫ్రంట్ ఆఫీసులో అర్జీలు నింపడం, విచారణ ఖైదీల జాబితాలు సరిచూడటం, లోక్ అదాలత్ ఏర్పాట్లలో సాయం చేయగలను. ప్రిన్సిపల్ గారి లేఖ, బోనఫైడ్, గుర్తింపు కార్డు నకలు జతచేశాను."

అంతే, ఒక్క పేజీ. రెండో పేజీ ఎవరూ తిప్పరు. నాలుగు వారాలే అని ఎందుకు రాయమన్నానంటే, బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం మూడేళ్ల ఎల్ఎల్‌బీకి మొత్తం 12 వారాలు, ఐదేళ్ల కోర్సుకి 20 వారాలు చేయాలి, కానీ ఏ ఏడాదైనా ఏకబిగిన నాలుగు వారాలకి మించకూడదు. ఎమ్మే క్రిమినాలజీ వాళ్లకి ఈ నిబంధన లేదు, మీ డిపార్ట్‌మెంట్ ఎన్ని వారాలంటే అన్ని. ప్రిన్సిపల్ లేఖ మీద గుండ్రటి సీలు పడిందో లేదో అక్కడే చూసుకోండి. సీలు లేని లేఖ పట్టుకుని మళ్లీ కాలేజీకి ఉరికిన పిల్లలను నేను చాలామందినే చూశాను.

అర్జీని ఈమెయిల్ చేసి ఊరుకోకండి. రెండు కాపీలు తీసుకుపోయి ఒకటి టపాల్‌లో, అంటే కాగితాలు తీసుకునే చోట ఇచ్చి, రెండోదాని మీద తేదీతో స్టాంపు, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోండి. వారం తర్వాత పోయి ఆ నంబరు చెప్పి అడగండి. పేరు చెప్పి అడిగితే వెతకరు. జడ్జిగారిని కలవాలంటే బెంచి మీద ఉన్న సమయంలో కాదు, పొద్దున బెంచి ఎక్కకముందో, సాయంత్రం దిగాకో. ఏ రోజు వీలవుతుందో బయట కూర్చునే అటెండర్‌కి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు, ఆయన్ని "అన్నా" అని పలకరించి అడగండి.

సమయం ముఖ్యం. మేలో సివిల్ కోర్టులకి వేసవి సెలవులు, వరండాలు బోసిపోతాయి. అరెస్టయినవాళ్లను 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందుకు తేవాలి కాబట్టి రిమాండ్ పని ఆగదు గానీ, సాక్షుల చీఫ్, క్రాస్ (పిలిచిన పక్షం అడిగే ప్రశ్నలు, ఎదుటి పక్షం అడిగే ప్రశ్నలు) వినాలంటే సెలవులు అయ్యాక జూన్‌లో చేరడం మేలు. జాతీయ లోక్ అదాలత్ తేదీ ముందే ప్రకటిస్తారు, మీ నాలుగు వారాల్లో అది పడేలా చూసుకోండి. చెక్ బౌన్సులు, రాజీపడదగ్గ కొట్లాట కేసులు అన్నీ ఆ ఒక్కరోజే వస్తాయి.

చేరిన మొదటి వారంలో పది పాత చార్జిషీట్లు అడిగి చదవండి, ఎఫ్ఐఆర్ నుంచి పంచనామా దాకా వరుసగా. లైంగిక దాడి బాధితుల పేర్లు, కేసుల్లో ఉన్న పిల్లల పేర్లు మీ నోట్‌బుక్‌లో కూడా రాసుకోవద్దు. అవి బయటపెట్టడం బీఎన్ఎస్ 72, జువెనైల్ జస్టిస్ చట్టం 74 సెక్షన్ల కింద నేరం. ఫైలు ఫొటో తీసి స్టేటస్ పెట్టే తెలివి ఎవరికైనా ఉంటే ఇప్పుడే వదిలేయండి. బట్టల విషయం: తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, బూట్లు. ఆడపిల్లలకు తెల్ల చుడీదార్ అయినా ఎవరూ ఏమీ అనరు.

ఏ రోజు ఏం చేశారో డైరీలో అదే రోజు రాయండి, బార్ కౌన్సిల్ నిబంధనల్లోనే డైరీ ఉంది. ఆఖరి వారం మొదట్లోనే సర్టిఫికెట్ ముసాయిదా మీరే టైపు చేసి ఇవ్వండి, చివరి రోజున కార్యదర్శి గారు సెలవులో ఉండొచ్చు, బదిలీ కూడా కావచ్చు. అందులో మొదలైన తేదీ, ముగిసిన తేదీ, చేసిన పని మూడూ ఉండాలి, "నాలుగు వారాలు" అని ఊరికే రాస్తే కాలేజీలో వెనక్కి పంపుతారు.