మోకాలి టెండన్ తెగితే గుర్తించడం, చికిత్స చేయడం ఎలా

మెట్లు దిగుతూ కాలు జారి, పడకుండా నిలదొక్కుకోబోయిన క్షణంలో మోకాలి దగ్గర టప్పున చప్పుడై కాలు కూలబడిపోతే, దాన్ని బెణుకు కింద జమ కట్టకూడదు. తొడ ముందు కండరాలను మోకాలి చిప్పకు కలిపే గట్టి నార పట్టీ, అంటే క్వాడ్రిసెప్స్ టెండన్ గానీ, చిప్పను దాని కింది ఎముకకు కలిపే పటెల్లార్ టెండన్ గానీ తెగి ఉండవచ్చు. మొదటిది ఎక్కువగా 40 ఏళ్లు దాటినవారిలో, రెండోది అంతకన్నా చిన్నవారిలో తెగుతుంది. మధుమేహం, దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి, గౌట్ (యూరిక్ ఆమ్లం చేరి వచ్చే కీళ్ల వాపు) ఉన్నవారికి, స్టెరాయిడ్లు వాడేవారికి చిన్న తడబాటే చాలు.

అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్షకు పరికరమేదీ అక్కర్లేదు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా మడమను పైకెత్తమనాలి. ఎత్తలేకపోయినా, ఎత్తాక మోకాలు వంగి వాలిపోతున్నా అనుమానించాల్సిందే. చిప్ప పై అంచుకు పైన, కింది అంచుకు కింద వేలితో తడిమితే తెగిన చోట వేలు లోపలికి దిగుతుంది. అయితే రక్తం చేరి వాచిన మోకాలిలో ఆ పల్లం దొరకకపోవచ్చు. నొప్పివల్లే కాలు లేవడం లేదేమోనన్న సందేహం ఉంటే, వైద్యుడు కీలులోని రక్తాన్ని సూదితో తీసి, తిమ్మిరి మందు ఎక్కించి మళ్లీ ఎత్తించి చూడవచ్చు. చిప్పకు ఇరుపక్కల పొరలు తెగకుండా ఉంటే, టెండన్ పూర్తిగా తెగినా కాలు కొంత లేస్తుంది. చాలామంది పొరబడేది ఇక్కడే.

మోకాలిని సుమారు 30 డిగ్రీలు వంచి పక్క నుంచి ఎక్స్‌రే తీయాలి. ఎముక విరగలేదని ఊరట చెందక, చిప్ప ఎక్కడుందో చూడాలి. పటెల్లార్ టెండన్ పొడవును చిప్ప పొడవుతో భాగిస్తే సాధారణంగా 0.8 నుంచి 1.2 వస్తుంది. 1.2 దాటితే చిప్ప పైకి జరిగినట్లు, అంటే కింది టెండన్‌ను అనుమానించాలి; 0.8 కన్నా తగ్గితే పై టెండన్‌ను. తేలకపోతే అల్ట్రాసౌండ్ గానీ ఎంఆర్ఐ గానీ అవసరమవుతుంది.

కాలు చాచి, కదలకుండా పట్టి ఉంచే స్ప్లింట్ (బద్ద) కట్టడం తొలి చికిత్స. కొంత మేరకే తెగి, రోగి కాలు నిటారుగా ఎత్తగలిగితే, 3 నుంచి 6 వారాలు అలాగే కదలకుండా ఉంచితే సరిపోవచ్చు. పూర్తిగా తెగితే శస్త్రచికిత్సే మార్గం, అదీ మొదటి 2, 3 వారాల్లో. ఆలస్యమైతే కండరం పైకి ముడుచుకుపోయి కొసలు అందవు, అప్పుడు వేరే టెండన్ ముక్కను అతికించాల్సి రావచ్చు. సాధారణ పద్ధతిలో టెండన్ కొసను కరగని గట్టి దారంతో అల్లి, చిప్పలో నిలువునా తొలిచిన సన్నని రంధ్రాల గుండా లాగి ముడివేస్తారు. ముడి బిగించే ముందు చిప్ప ఎత్తును రెండో మోకాలితో సరిచూసుకోవడం మంచిది, ఎందుకంటే ఎక్కువ బిగిస్తే తర్వాత మోకాలు వంగదు.

ఆ తర్వాత సుమారు 6 వారాలు నడిచేటప్పుడు బ్రేస్‌ను (మోకాలికి తొడిగే ఆధారపట్టీని) చాచిన స్థితిలోనే బిగించి ఉంచి, వంపును వైద్యుడు చెప్పిన మేరకే వారం వారం పెంచాలి. ఈ కాలంలో పిక్క వాచి నొప్పి పుడితే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు కనుక ఆ రోజే చూపించుకోవాలి. దానితోపాటు ఆయాసం కూడా వస్తే క్షణం ఆగకూడదు.