డిక్టియోస్టీలియం కణాలు సంకేతం వైపు కదలనప్పుడు: సమస్య - పరిష్కారం

కణాలు రసాయన సంకేతాన్ని పసిగట్టి దాని వైపు కదలడాన్ని కీమోటాక్సిస్ అంటారు. ఈ అంశంపై పీహెచ్‌డీ చేసేవారిలో పలువురు డిక్టియోస్టీలియం డిస్కోయిడియం అనే మట్టి అమీబాతో పని మొదలుపెడతారు. 1935లో కెన్నెత్ రేపర్ వర్ణించిన ఈ జీవి, తిండి అయిపోగానే సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత రసాయనం వైపు పాకుతూ గుంపుగా చేరుతుంది. ప్రయోగం ఫలించనప్పుడు, ముఖ్యంగా మార్పు చేసిన జన్యువున్న కణాలు సంకేతం వైపు వెళ్లనప్పుడు, లోపం ఆ జన్యువులోనే ఉందని అనుకోవడం సహజం. అయితే చాలాసార్లు అసలు కారణం కణాలను సిద్ధం చేసిన తీరులో గానీ, గాఢతా వాలులో (సంకేత రసాయనం ఒకవైపు ఎక్కువగా, మరోవైపు తక్కువగా ఉండే తేడాలో) గానీ ఉంటుంది. కాబట్టి అదే రోజు, అదే బఫర్‌లో, అదే గదిలో మాతృ రకాన్ని (జన్యువు మార్చని అసలు కణాలను) కూడా నడిపి చూడనిదే ఏ నిర్ణయానికీ రాకూడదు.

సమస్య: కణాలు గుండ్రంగా ఉండి, ఉన్నచోటే కదులుతున్నాయి.

ముందుగా అనుమానించవలసింది పస్తు దశను. పెరుగుదల దశలోని కణాల ఉపరితలంపై సైక్లిక్ ఏఎంపీని గుర్తించే సీఏఆర్1 గ్రాహకాలు చాలా తక్కువ. పస్తు మొదలైన కొన్ని గంటలకు గానీ అవి తగినంతగా ఏర్పడవు. మిల్లీలీటరుకు సుమారు 10 నుంచి 40 లక్షల కణాలున్నప్పుడే, అంటే పెరుగుదల ఇంకా జోరుగా ఉండగానే, వాటిని సేకరించాలి. పోషక ద్రవం జాడ మిగలకుండా ఫాస్ఫేట్ బఫర్‌తో రెండు మూడుసార్లు కడిగి, మిల్లీలీటరుకు 2 కోట్ల చొప్పున 22 డిగ్రీల సెల్సియస్ దగ్గర షేకర్‌పై ఉంచాలి. మొదటి గంట తరువాత ప్రతి 6 నిమిషాలకు ఒకసారి, తుది గాఢత 50 నుంచి 100 నానోమోలార్ అయ్యేలా సైక్లిక్ ఏఎంపీ చుక్కలు అందించాలి. ఇది నాలుగైదు గంటలు సాగాలి. సిద్ధమైన కణాలను సూక్ష్మదర్శినిలో చూడగానే గుర్తుపట్టవచ్చు: అవి పొడవుగా సాగి, ముందు కొస, వెనుక కొస స్పష్టంగా తెలుస్తూ, నిమిషానికి సుమారు 10 మైక్రోమీటర్ల వేగంతో పాకుతాయి, ఒకదాని తోకను మరొకటి పట్టుకుని వరుస కడతాయి.

మీ మ్యూటెంట్ (జన్యువు మార్చిన రకం) ఈ దశకు ఆలస్యంగా చేరుతుంటే, గంటలను కాక దశను సమానం చేసి పోల్చాలి. ప్రొటీన్ల మొత్తాన్ని చూపే వెస్టర్న్ బ్లాట్ పరీక్షలో సీఏఆర్1 స్థాయి ఆ సమానత్వాన్ని చూపుతుంది. కదలిక యంత్రాంగమే దెబ్బతిన్నదా అన్న సందేహం తీరాలంటే, పస్తు పెట్టని కణాలను అగరోజ్ అనే జెల్ పొర కింద, ఆ దశలో వాటిని ఆకర్షించే ఫోలిక్ ఆమ్లం వైపు నడిపి చూడండి. అక్కడ మాతృ రకంతో సమానంగా కదిలితే, లోపం కదలికలో కాక అభివృద్ధి దశలోనో సైక్లిక్ ఏఎంపీ మార్గంలోనో ఉందని భావించవచ్చు. గది వేడిని కూడా మరవకండి. వేసవిలో ఏసీ ఆగి ఉష్ణోగ్రత 27 డిగ్రీలకు చేరితే ఈ కణాలు తట్టుకోలేవు.

సమస్య: కణాలు చురుగ్గా తిరుగుతున్నాయి గానీ ఒక దిశ లేదు.

కదలిక పెరగడం వేరు, దిశ తెలియడం వేరు. 1973లో జిగ్మండ్, హిర్ష్ ప్రవేశపెట్టిన చెకర్‌బోర్డ్ విశ్లేషణ ఉద్దేశం ఈ రెండింటినీ విడదీయడమే: ఇరువైపులా ఒకే గాఢత ఉంచినప్పుడు కూడా కణాలు అంతే ఎక్కువగా కదిలితే, మీరు చూస్తున్నది దిశాచలనం కాదు. దిశ లేనప్పుడు వాలు నిజంగా ఏర్పడిందో లేదో పరీక్షించాలి. ఫ్లోరెసీన్ అనే మెరిసే రంగు అణుభారం సైక్లిక్ ఏఎంపీకి చాలా దగ్గరగా ఉంటుంది కనుక, కణాలు లేని చాంబర్‌లో దానిని పోసి కాంతి తీవ్రతను గీతగా గీస్తే వాలు కంటికి కనిపిస్తుంది. రెండు ద్రవపు గాళ్ల మధ్య 1 మిల్లీమీటరు వంతెన ఉన్న జిగ్మండ్ చాంబర్‌లో అది స్థిరపడటానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట వరకు పడుతుంది. అంతకు ముందు తీసిన వీడియోను లెక్కకు వాడకూడదు.

వాలు ఉన్నా దిశ లేకపోతే గాఢతను చూడండి. వీధంతా ఒకే వాసన నిండితే వంటిల్లు ఎటుందో ముక్కుకు తెలియనట్లే, గ్రాహకాలన్నీ నిండిపోతే రెండు కొసల మధ్య తేడా కణానికి అందదు. మూలం (సైక్లిక్ ఏఎంపీ ఉంచిన చోటు) గాఢతను పదో వంతుకు, ఆపై వందో వంతుకు తగ్గించి చూడాలి. కణాలు మరీ కిక్కిరిసి ఉంటే అవి విడుదల చేసే ఫాస్ఫోడైఎస్టరేజ్ అనే ఎంజైమ్ సైక్లిక్ ఏఎంపీని విచ్ఛిన్నం చేసి వాలును చెరిపేస్తుంది. పలుచగా వేయడమే దీనికి మందు.

సమస్య: మూలం వైపు కాక, కణాలు ఒకదాని వైపు ఒకటి చేరుతున్నాయి.

ఈ కణాలు సంకేతాన్ని అందుకోవడంతో ఆగక, తామూ సైక్లిక్ ఏఎంపీని తయారుచేసి పక్కవాటికి అందిస్తాయి. కొన్ని మిల్లీమోలార్ల కెఫీన్ ఈ రిలేను అణచివేస్తుంది. అయితే కెఫీన్‌కు ఇతర ప్రభావాలు కూడా ఉన్నాయి గనుక పోల్చే కణాలన్నింటికీ ఒకే మోతాదు ఇవ్వాలి.

సమస్య: అన్నీ ఒకే వైపు జారుతున్నాయి.

ఇది చూడటానికి చక్కని ఫలితంలా ఉంటుంది, అందుకే ప్రమాదం. చనిపోయిన కణాలనూ, తేలే నలుసులనూ గమనించండి. అవి కూడా అదే దిశలో, అదే వేగంతో కదులుతుంటే అది ద్రవ ప్రవాహం. కవర్‌స్లిప్ అంచులను వాజలీన్, లానోలిన్, పారాఫిన్ మిశ్రమంతో మూసి మళ్లీ చేయాలి.

సమస్య: మొదట బాగా పాకి, కాసేపటికి నిలిచిపోతున్నాయి.

అంతవరకు కాంతి పడని పక్క ప్రాంతానికి కటకాన్ని జరపండి. అక్కడి కణాలు హాయిగా కదులుతుంటే దోషం మెరిసే గుర్తులను చూడటానికి వేసే నీలి కాంతిదే. ఎక్స్‌పోజర్ తగ్గించి, ఫ్రేముల మధ్య విరామం పెంచి, వీలైతే ఫేజ్ కాంట్రాస్ట్‌లో ఎరుపు ఫిల్టర్‌తో చిత్రీకరించాలి.

సమస్య: కంటికి దిశ కనిపిస్తోంది, దిశను కొలిచే సూచిక మాత్రం తక్కువగా వస్తోంది.

మూలం వైపు సాగిన దూరాన్ని మొత్తం నడిచిన దారితో భాగించి సూచికను లెక్కించేటప్పుడు, రెండు మూడు సెకన్లకొక ఫ్రేము తీస్తే కణ కేంద్రం తొణుకు కూడా దారి పొడవులో చేరి సూచికను కిందికి లాగుతుంది. 15 నుంచి 30 సెకన్ల విరామం నయం. పోల్చే ప్రయోగాలన్నింటిలో అదే విరామం పాటించాలి. గణాంకాలలో నమూనా సంఖ్యగా కణాల సంఖ్యను వేయకండి: ఒకే రోజు, ఒకే ఫ్లాస్కు నుంచి వచ్చిన వంద కణాలు వంద స్వతంత్ర సాక్ష్యాలు కావు. విడివిడి రోజుల్లో, విడివిడిగా పస్తు పెట్టిన కణాలతో చేసిన ప్రయోగాల సంఖ్యనే నమూనా సంఖ్యగా తీసుకోవాలి.