యూనిటీలో కదిలే మోడల్ గమ్యం వైపు తిరగకపోతే

గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ యూనిటీలో మీ సైనికుడు చేరాల్సిన చోటికే వెళ్తున్నాడు, ముఖం మాత్రం ఇంకెటో ఉంది. పీతలా పక్కకు నడుస్తున్నాడు. ఇది చూడగానే చాలామంది స్క్రిప్టులో కోణానికి ఓసారి 90 డిగ్రీలు కలిపి, ఓసారి తీసేసి చూస్తుంటారు. దయచేసి అలా చేయకండి. తప్పు మోడల్‌లో ఉందా, స్క్రిప్టులో ఉందా అన్నది ముందు తేల్చుకోండి. సీన్ విండోలో హ్యాండిల్‌ను (ఆబ్జెక్ట్ మీద కనిపించే రంగు బాణాలను) లోకల్‌కి, అంటే ఆబ్జెక్ట్ సొంత దిశలకు మార్చి, స్క్రిప్టు ఉన్న ఆబ్జెక్ట్‌ను ఎంచుకోండి. మోడల్ ముక్కు ఎటుంటే నీలం బాణం అటే ఉండాలి. యూనిటీ దృష్టిలో ‘ముందు’ అంటే ఆ బాణం చూపే జెడ్ అక్షమే.

సమస్య: ఎటు వెళ్లినా ఒకే కోణంలో పక్కకో వెనక్కో చూస్తోంది.
కారణం: బాణం ఒకవైపు, ముక్కు ఒకవైపు ఉన్నాయి. ఆబ్జెక్ట్‌ను గమ్యం వైపు తిప్పే లుక్‌ఎట్ ఫంక్షన్ తప్పేమీ లేదు, అది బాణాన్ని సరిగ్గానే తిప్పింది. మోడల్స్ తయారుచేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో పైకి ఉండే అక్షం జెడ్, యూనిటీలో వై. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు అక్షాల తేడా సరిచూసుకోకపోతే మోడల్ పడుకున్నట్టో, వేరే వైపు తిరిగో వస్తుంది.
పరిష్కారం: ఖాళీ గేమ్ ఆబ్జెక్ట్ ఒకటి పెట్టి, మోడల్‌ను దాని కిందకు చేర్చండి. ముక్కు నీలం బాణంతో కలిసేదాకా లోపలి మోడల్‌ను మాత్రమే తిప్పండి. స్క్రిప్టు పైనున్న ఖాళీ ఆబ్జెక్ట్‌కే ఉండాలి. ఇక కోడ్‌లో 90 అవసరమే రాదు. రేపు మోడల్ మార్చినా స్క్రిప్టు ముట్టుకోనక్కర్లేదు, అందుకే నాకు ఈ పద్ధతి మీద అంత నమ్మకం.

సమస్య: అసలు తిరగడమే లేదు.
కారణం: ఆబ్జెక్ట్‌ను గమ్యం వైపు జరిపే మూవ్‌టువర్డ్స్ ఫంక్షన్ స్థానాన్ని మాత్రమే మారుస్తుంది. తిప్పే పని మీరే రాయాలి.

సమస్య: గమ్యం దగ్గరపడే కొద్దీ మోడల్ ముందుకు వాలిపోతోంది.
కారణం: గమ్యం ఎత్తు, మోడల్ ఎత్తు వేరు. దూరంలో ఆ తేడా కనిపించదు, దగ్గరికొచ్చాక కోణం పెరిగిపోతుంది.
పరిష్కారం: గమ్యం స్థానంలోంచి మోడల్ స్థానాన్ని తీసేస్తే దిశ వస్తుంది. అందులో వై విలువను సున్నా చేసి, ఆ తర్వాతే లుక్‌రొటేషన్‌కి (దిశను బట్టి ఎటు తిరగాలో చెప్పే ఫంక్షన్‌కి) ఇవ్వండి.

సమస్య: చేరుకోగానే ఉన్నట్టుండి వేరే వైపు తిరిగిపోతోంది.
కారణం: రెండు స్థానాలూ ఒకటైతే దిశ సున్నా. సున్నాకి దిక్కేముంటుంది? కన్సోల్‌లో (యూనిటీ సందేశాలు చూపే విండోలో) లుక్‌రొటేషన్ సందేశం కనిపిస్తే ఇదే కారణం.
పరిష్కారం: దిశ పొడవు చాలా చిన్నదైతే తిప్పే లైన్‌ను దాటేయండి. పాత ముఖమే నిలుస్తుంది.

సమస్య: టక్కున తిరుగుతోంది, సహజంగా లేదు.
పరిష్కారం: నిర్ణీత వేగంతో మెల్లగా తిప్పే రొటేట్‌టువర్డ్స్ వాడండి. సెకనుకు 360 డిగ్రీలతో మొదలుపెట్టి, దాన్ని డెల్టాటైమ్‌తో (గత ఫ్రేమ్ నుంచి గడిచిన సమయంతో) గుణించండి. రెండు కోణాల మధ్య కొంత భాగం తిప్పే స్లెర్ప్‌లో ప్రతి ఫ్రేమ్‌కీ 0.1 అని రాసేస్తే, ఫ్రేమ్‌రేట్ ఎక్కువున్న కంప్యూటర్‌లో మోడల్ ఇంకా వేగంగా తిరుగుతుంది.

సమస్య: నావ్‌మెష్ ఏజెంట్ (దారి వెతికి మోడల్‌ను నడిపే యూనిటీ భాగం) ఉంది, ముఖం అటూ ఇటూ వణుకుతోంది.
కారణం: ఏజెంట్ ఒకవైపు, మీ స్క్రిప్టు ఒకవైపు తిప్పుతున్నాయి.
పరిష్కారం: ఏజెంట్ తానే మోడల్‌ను తిప్పే అప్‌డేట్‌రొటేషన్‌ను ఆపేయండి. అప్పుడు కూడా చివరి గమ్యం వైపు తిప్పకండి. దారి గోడ చుట్టూ తిరిగి వెళ్తుంటే మోడల్ గోడను చూస్తూ నడుస్తుంది. స్టీరింగ్‌టార్గెట్ అంటే దారిలో వచ్చే తర్వాతి మలుపు, దాని వైపు తిప్పండి.