చెయిన్ రూల్ (ఒక ఫంక్షన్ లోపల ఇంకో ఫంక్షన్ ఉన్నప్పుడు డిఫరెన్షియేట్ చేసే పద్ధతి) మొదలుపెట్టే ముందు

☐ లోపలి ఫంక్షన్ ఏది, బయటిది ఏది? పెన్ను కదిపే ముందే తేల్చుకోండి. సైన్ స్క్వేర్ ఎక్స్‌లో బయట ఉన్నది స్క్వేర్, కాబట్టి డెరివేటివ్ 2 సైన్ ఎక్స్ కాస్ ఎక్స్. సైన్ ఆఫ్ ఎక్స్ స్క్వేర్ అయితే వరస తిరగబడి 2ఎక్స్ కాస్ ఆఫ్ ఎక్స్ స్క్వేర్ వస్తుంది. ఇంటర్‌లో ఈ రెండూ ఒకటే అనుకుని మార్కులు పోగొట్టుకున్నాను.

☐ బయటిదాన్ని డిఫరెన్షియేట్ చేసేటప్పుడు లోపలిదాన్ని ముట్టుకోకండి. తర్వాత దాని డెరివేటివ్‌తో గుణించడం మర్చిపోకండి. (3ఎక్స్ + 1) పవర్ 5కి చాలామంది 5 దగ్గరే ఆగిపోతారు. లోపలి 3 కూడా కలిస్తే 15 ఇంటూ (3ఎక్స్ + 1) పవర్ 4.

☐ కోణం డిగ్రీల్లో ఇచ్చారా? ముందు రేడియన్లలోకి మార్చండి, లేకపోతే జవాబులో రావాల్సిన పై (π) బై 180 ఎగిరిపోతుంది.

☐ కాస్‌ని డిఫరెన్షియేట్ చేస్తే మైనస్ సైన్!