పండక్కి బస్సెక్కే ముందు: బిళ్ళ వేసుకుని దాచిన జ్వరం

పోయిన సంక్రాంతికి మా వీధిలో ఒక ఇంటికి మనవడు హైదరాబాదు నుంచి వచ్చాడు. బయల్దేరే రోజు ఒళ్ళు వెచ్చబడిందట, డోలో వేసుకుని రాత్రి ఏసీ బస్సెక్కేశాడు. సరిగ్గా భోగి మంటల వేళకి వాళ్ళ అమ్మమ్మగారికి రొంప పట్టింది. ముక్కనుమ నాటికి ఆయాసం. నెమ్ము చేరిందన్నారు, కాకినాడ తీసుకెళ్ళి ఆక్సిజన్ పెట్టించారు. ఆవిడ ఇంటికైతే వచ్చారు గానీ, ఇప్పటికీ వీధరుగు దాకా నడిస్తే కూర్చుండిపోతున్నారు. ఆ కుర్రాడు చెడ్డవాడేం కాదు. అమ్మమ్మని చూడాలనే వచ్చాడు.

నాది బస్టాండు ఎదురుగా మందుల షాపు. డిసెంబరు ఆఖరు నుంచి రథసప్తమి వెళ్ళేదాకా కౌంటరు దగ్గర ఒకటే మాట: "జ్వరానికి ఏదో ఒకటి ఇవ్వండి, బస్సు టైమైపోతోందండి." చేతులు కడుక్కోండి, నోటికి అడ్డం పెట్టుకోండి అన్నవి మీకు తెలిసినవే. నేను చెప్పాలనుకున్నది ఈ బిళ్ళ గురించి.

పారాసిటమాల్ ఒంటి వేడిని కొన్ని గంటలు దించుతుంది. ముక్కులో, గొంతులో ఉన్న వైరస్‌ని ఏమీ చెయ్యదు. ఫ్లూ పట్టినవాళ్ళు పైకి ఏమీ కనపడకముందు ఒక రోజు నుంచే, ఆ తరవాత అయిదారు రోజుల దాకా పక్కవాళ్ళకి అంటిస్తారు. మొదటి మూడు రోజులూ మరీ ఎక్కువ. చిన్నపిల్లలైతే ఇంకా చాలా రోజులు. బిళ్ళ పనిచేస్తున్నంతసేపూ మనిషి హుషారుగా ఉంటాడు, ఫోన్లో గట్టిగా మాట్లాడతాడు, నిద్రలో దగ్గుతాడు. బస్సులో చుట్టూ ఉన్నవాళ్ళకి అతని జబ్బు సంగతే తెలియదు. కొన్నాళ్ళకి అతనికే గుర్తుండదు.

అందుకే ఒకటే లెక్క పెట్టుకోండి. ఏ బిళ్ళా వేసుకోకుండా 24 గంటలు జ్వరం రాకపోతేనే, ఒంట్లో నలత కూడా తగ్గితేనే బస్సెక్కండి. టిక్కెట్టు డబ్బు పోతే పోయింది. పిల్లలకి సిరప్ పోసి ఎక్కించడం అంతకన్నా పెద్ద తప్పు.

2025 జనవరిలో బెంగళూరు పసిపిల్లల్లో హెచ్‌ఎంపీవీ అని టీవీల్లో రాగానే అందరూ మాస్కుల కోసం ఎగబడ్డారు. అది 2001లోనే నెదర్లాండ్స్‌లో కనిపెట్టిన వైరస్. కొత్త పేరు వింటే హడలిపోతాం, ఏటా మన బస్సుల్లో తిరిగే ఫ్లూని మాత్రం "మామూలు జ్వరమే" అంటాం. ముసలివాళ్ళని మంచాన పడేసేది ఎక్కువగా ఆ మామూలు జ్వరమే.

ఇక గాలి సంగతి. ఏసీ స్లీపర్‌లో బెర్తుకి పరదా లాక్కుంటే సరిపోతుందనుకోకండి. రాత్రంతా అందరూ పీల్చేది ఒకటే గాలి, ఏసీ చాలావరకు దాన్నే మళ్ళీ మళ్ళీ తిప్పుతుంది. సూర్యాపేట దగ్గర హోటల్ కాడ ఆపినప్పుడు కిందికి దిగండి, ఆ కాసేపూ తలుపు తీసి ఉంచమని డ్రైవరుని అడగండి. షుగరు, గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్ళూ గర్భిణులూ ఎన్95 మాస్కు పెట్టుకుని నిద్రలో కూడా తియ్యకుండా ఉంటే మంచిది. తువ్వాలు అడ్డం పెట్టుకుంటే చాలదు.

పల్లెవెలుగు సంగతి వేరు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఛార్జీ లేకుండా చేశాక జనం పెరిగారు. మంచి పనే. ఆసుపత్రికి వెళ్ళడానికి చేతిలో డబ్బు చూసుకునే అమ్మలు ఇప్పుడు ధైర్యంగా వెళ్తున్నారు. కానీ పొద్దున్నే మంచు పడుతోందని అద్దాలన్నీ మూసేస్తున్నారు. ముందు ఒకటీ వెనక ఒకటీ, రెండు పక్కలా నాలుగు వేళ్ళ సందు తీసినా గాలి ఆడుతుంది. మఫ్లరు చుట్టుకోండి, అద్దం తియ్యండి. వైరస్ లేకుండా చలిగాలి ఒక్కటే ఫ్లూ తేదు. షేరు ఆటోలో పక్కల పట్టాలు దించితే ఇంకా కష్టం, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంటాం. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు మీద నాకంత భయం లేదు, గోదావరి గాలి ఎప్పుడూ ఉంటుంది. భయమల్లా రేవు దాకా తెచ్చే ఆటోతోనే.

మిగతావి వరసగా చెబుతాను.

బిళ్ళ వేసుకుని బస్సెక్కకండి. తిరుగు ప్రయాణానికీ ఇదే మాట. జగ్గన్నతోట ప్రభల తీర్థంలో జనంలో తిరిగొచ్చి, మర్నాడు ఒళ్ళు కాలుతుంటే "సోమవారం ఆఫీసుందండి" అంటూ నా దగ్గరకి రాకండి.

అజిత్రోమైసిన్ అడక్కండి. వైరస్ మీద అది పనిచెయ్యదు.

ప్రయాణం ఉందని ఆర్‌ఎంపీ దగ్గర స్టెరాయిడ్ సూది వేయించుకోవద్దు. జ్వరం దిగినట్టుంటుంది, లోపల జబ్బు ముదురుతుంది.

ఇన్హేలర్ జేబులో ఉండాలి. డిక్కీలో వేసిన బ్యాగులో కాదు.

ఫ్లూ టీకా పనిచెయ్యడానికి రెండు వారాలు పడుతుంది. భోగి ముందు రోజు వచ్చి అడిగితే ఈ పండక్కి అందదు.

రెండు వారాలు దాటిన దగ్గుకి సిరప్ కాదు, టీబీ ఉందేమో చూసే కళ్ళె పరీక్ష కావాలి. పీహెచ్‌సీలో డబ్బు తీసుకోరు. బస్సులో పక్కవాడు ఆ దగ్గు దగ్గుతుంటే విసుక్కోకుండా ఈ సంగతి చెప్పండి.

దారిలో జ్వరం మొదలైందా? ఇంటికెళ్ళాక వేరే గది, మాస్కు. తాతయ్యని వాటేసుకోవద్దు. పసిబిడ్డని ఎత్తుకోవద్దు, ముద్దు పెట్టొద్దు. ఆర్నెల్లు నిండని బిడ్డకి ఫ్లూ టీకా వెయ్యరు. "మా పిల్లలే కదా" అని తల్లులు ఊరుకుంటారు, మీరే దూరంగా ఉండాలి.

బిళ్ళ వేసుకున్న సంగతి ఇంట్లో దాచకండి. మీకు జ్వరం ఉందని తెలిస్తే, పెద్దావిడకి నలత చేసిన మొదటి రెండు రోజుల్లోనే వాళ్ళు డాక్టరుకి చూపిస్తారు. ఫ్లూకి మందు బాగా పనిచేసేది అప్పుడే.

ముసలివాళ్ళకి జ్వరం రాకపోవచ్చు. అన్నం మానేసినా, మగతగా పడుకున్నా, పొంతన లేకుండా మాట్లాడినా అనుమానించండి. వేలికి పెట్టే ఆక్సిమీటరు 94 కంటే తక్కువ చూపిస్తే, ఏడాది దాటిన పిల్లాడు నిమిషానికి 40 సార్లు, ఏడాది లోపు బిడ్డ 50 సార్లు, రెండు నెలలు నిండని పసికందైతే 60 సార్లు ఊపిరి తీస్తుంటే, డొక్కలు ఎగరేస్తుంటే, "కనుమ వెళ్ళాక చూద్దాంలే" అనకండి. అల్లుడుగారు వచ్చారనీ, వంటలు సగంలో ఉన్నాయనీ ఆగకండి. వెంటనే 108కి ఫోను చెయ్యండి.