వర్చువల్ మెషీన్‌లో విండోస్ యాక్టివేషన్: ఎలా చేయాలి, చేశాక ఎలా నిలబెట్టుకోవాలి?

ఉబుంటుకి మారినవాళ్లు, పాత పేజ్‌మేకర్‌నీ అను ఫాంట్లనీ వదల్లేని డీటీపీ వాళ్లు, ఇంట్లోనే సర్వర్ పని నేర్చుకునే కుర్రాళ్లు అందరూ ఒకే చోట చిక్కుకుంటారు. వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో కట్టిన ఇంకో కంప్యూటర్) లేస్తుంది, విండోస్ ఎక్కుతుంది, లైసెన్సు కీ కొడితే యాక్టివేట్ కూడా అవుతుంది, అంటే లైసెన్సు ఉన్న కాపీయేనని మైక్రోసాఫ్ట్ ఒప్పుకుంటుంది. కొన్నాళ్లకు కొత్త కంప్యూటర్ కొని మెషీన్‌ని అందులోకి మారుస్తారు. అంతే, కింద కుడి మూల ‘యాక్టివేట్ విండోస్’ అని బూడిదరంగు అక్షరాలు పడతాయి. ‘కీ పాడైపోయిందండీ’ అంటూ వస్తారు. నేను చూసినవాటిలో కీ పాడైనవి తక్కువ. మెషీన్ గుర్తింపుని చేతులారా మార్చుకున్నవే ఎక్కువ.

ముందు లైసెన్సు చూసుకోండి

ల్యాప్‌టాప్‌తో వచ్చిన విండోస్ లోపలి మెషీన్‌కి కూడా చెల్లుతుందనుకోవద్దు. మైక్రోసాఫ్ట్ ఒప్పందంలో మామూలు లైసెన్సు ఒకటి ఒక యంత్రానికే. అది బల్లమీద ఉన్న యంత్రమైనా, వర్చువల్ యంత్రమైనా లెక్క ఒకటే. ల్యాప్‌టాప్ కంపెనీ పెట్టిన కీ మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లో, అంటే బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. వర్చువల్ మెషీన్‌కి ఫర్మ్‌వేర్ వేరే కాబట్టి ఆ కీ దానికి కనబడదు.

మీ దగ్గర విండోస్ నడుస్తున్న కంప్యూటర్ ఉంటే దాని లైసెన్సు ఎలాంటిదో ఇలా తెలుస్తుంది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎస్‌ఎల్‌ఎంజీఆర్ అని ఆ అయిదు ఇంగ్లిష్ అక్షరాలూ కలిపి కొట్టండి. ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, డీఎల్‌ఐ అని కొట్టి ఎంటర్ నొక్కండి. చిన్న పెట్టె వస్తుంది. అందులో ‘రిటైల్’ అని ఉంటే ఆ లైసెన్సుని అక్కడ తీసేసి సాధారణంగా ఇంకో యంత్రానికి మార్చుకోవచ్చు. ‘ఓఈఎం’ అని ఉంటే అది ఆ ల్యాప్‌టాప్‌తోనే పుట్టింది, దానితోనే పోతుంది. ‘వాల్యూమ్’ అని ఉంటే అది ఆఫీసుది, మీది కాదు.

వర్చువల్ మెషీన్‌కి రిటైల్ కీ కొనండి. ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకు దొరికే కీల జోలికి పోవద్దు. ఏదో సంస్థ వాల్యూమ్ కీని పదిమందికి పంచి అమ్మేవి వాటిలో చాలా ఉంటాయి. ఈరోజు పనిచేస్తాయి, మైక్రోసాఫ్ట్ ఆ కీని ఆపేసిన రోజున మీ పని మధ్యలో ఆగుతుంది. యాక్టివేటర్ పేరుతో తిరిగే ఉచిత ప్రోగ్రాములు ఇంకా ప్రమాదం. అవి అడిగేదే మొదట యాంటీవైరస్ ఆపమని. దొంగని పిలిచి తాళంచెవి చేతిలో పెట్టడమే అది.

కేవలం నేర్చుకోవడానికే అయితే అసలు కీ కొనక్కర్లేదు. విండోస్ ఎంటర్‌ప్రైజ్ మూల్యాంకన కాపీని 90 రోజులు, విండోస్ సర్వర్ కాపీని 180 రోజులు వాడుకోమని మైక్రోసాఫ్టే ఇస్తుంది. ఎంటర్‌ప్రైజ్ కాపీ గడువు దాటాక గంటకోసారి దానంతటదే ఆగిపోతుంది కాబట్టి అందులో అసలు పని పెట్టుకోవద్దు.

మెషీన్ తయారీ

ఇది తేలిక. విండోస్ 11కి 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు కనీసం కావాలి. మీరు 8 జీబీ, 80 జీబీ ఇవ్వండి, అంతకు తగ్గొద్దు. మెషీన్ సెట్టింగుల్లో ఈఎఫ్‌ఐ (కొత్తరకం ఫర్మ్‌వేర్), సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే లేవనిచ్చేది), టీపీఎం 2.0 (రహస్య తాళాలు దాచే చిప్) మూడూ ఆన్‌లో ఉండాలి. వర్చువల్ మెషీన్ నడిపే ప్రోగ్రాము వర్చువల్‌బాక్స్ అయితే 7.0 లేదా ఆ తర్వాతిది వాడండి, అంతకు ముందువాటిలో టీపీఎం లేదు. మెషీన్ పేరు ఖాళీలు లేకుండా ఇంగ్లిష్‌లో పెట్టండి.

ఇన్‌స్టాల్ మధ్యలో కీ అడిగినప్పుడు ఇవ్వకండి. ‘నా దగ్గర ప్రోడక్ట్ కీ లేదు’ అన్న మాట నొక్కి ముందుకు పోండి. తర్వాత ఎడిషన్ అడుగుతుంది. మీ కీ హోమ్‌కి అయితే హోమ్, ప్రోకి అయితే ప్రో. ఇక్కడ తొందరపడి ప్రో పెట్టి, తర్వాత హోమ్ కీ కొట్టి, పనిచేయడం లేదని కీ అమ్మినవాడిని తిట్టినవాళ్లు ఉన్నారు.

కీ చివర్లోనే

మొదట మెషీన్‌ని ఒక రూపానికి తెచ్చుకోండి. ర్యామ్, కోర్లు, డిస్కు కంట్రోలర్, నెట్‌వర్క్ కార్డు ఏ రకం కావాలో తేల్చుకోండి. అప్‌డేట్లన్నీ ఎక్కించండి, గెస్ట్ అడిషన్స్ (వర్చువల్‌బాక్స్‌తో వచ్చే డ్రైవర్లు) వేయండి, రెండుసార్లు రీస్టార్ట్ చేయండి. అప్పుడే సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో యాక్టివేషన్‌కి వెళ్లి 25 అక్షరాల కీ కొట్టండి. ముందే కీ కొట్టి, తర్వాత మెషీన్ నచ్చక చెరిపేసి మళ్లీ కట్టేవాళ్లు ప్రతిసారీ మైక్రోసాఫ్ట్ సర్వర్‌కి కొత్త యంత్రంలా కనబడతారు. అలా చేస్తూ పోతే ఒకరోజు ఈ కీని పరిమితికి మించి వాడారని తిప్పికొడుతుంది.

యాక్టివేట్ అయిన వెంటనే అదే పేజీలో మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ కలపండి. ‘డిజిటల్ లైసెన్సు మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో ముడిపడి ఉంది’ అనే అర్థంలో లైను కనబడేదాకా లేవకండి. ఈ సౌకర్యం 2016లో వచ్చిన విండోస్ 10 యానివర్సరీ అప్‌డేట్‌ నుంచీ ఉంది, అయినా చాలామంది వాడరు. ఆ తర్వాత మెషీన్ ఆపి ఒక స్నాప్‌షాట్ (మళ్లీ వెనక్కి రావడానికి ఆ క్షణపు స్థితిని దాచిపెట్టుకోవడం) తీయండి. యాక్టివేషన్‌కి ముందు తీసిన స్నాప్‌షాట్లు ఉంటే చెరిపేయండి.

ఆఫీసు మెషీన్ల సంగతి వేరు. అక్కడ సాధారణంగా ఆఫీసు మెషీన్లన్నిటినీ యాక్టివేట్ చేసే కేఎంఎస్ సర్వర్ ఉంటుంది, యాక్టివేషన్ 180 రోజులే చెల్లుతుంది. ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉంటే దానంతటదే పొడిగించుకుంటుంది. ఇంటినుంచి పనిచేసేవాళ్ల వర్చువల్ మెషీన్లలో అది ఆగిపోయిందంటే మొదట చూడాల్సింది కీ కాదు, ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే వీపీఎన్.

అందరూ చెడగొట్టే చోటు: మెషీన్‌ని మార్చడం

విండోస్ మీ మెషీన్‌ని పేరు చూసి గుర్తుపట్టదు. హార్డ్‌వేర్ వివరాలు కొన్ని కలిపి ఒక గుర్తు తయారు చేసుకుంటుంది. వర్చువల్ మెషీన్‌లో ఆ వివరాలు నిజానికి ఫైల్లో రాసిపెట్టిన అంకెలే: మెషీన్ యూయూఐడీ (ఒక్కో మెషీన్‌కి విడిగా ఇచ్చే పొడవాటి గుర్తింపు సంఖ్య), నెట్‌వర్క్ కార్డు మ్యాక్ అడ్రస్ (ఆ కార్డు గుర్తింపు సంఖ్య), డిస్కు సీరియల్ నంబరు. వర్చువల్‌బాక్స్‌లో అయితే ఆ డిస్కు సీరియల్‌ని కూడా డిస్కు యూయూఐడీ నుంచే తయారు చేస్తారు. ప్రాసెసర్ పేరు మాత్రం బయటి కంప్యూటర్‌ది లోపలికి కనబడుతుంది కాబట్టి కొత్త కంప్యూటర్‌లో అది ఎలాగూ మారుతుంది. ఆ ఒక్కటి మన చేతిలో లేదు. అందుకే మన చేతిలో ఉన్న మిగతావి ఒక్కటీ కదలకూడదు.

వర్చువల్‌బాక్స్ లాంటిదే ఇంకో ప్రోగ్రాము వీఎంవేర్‌. అందులో దీన్ని చెడగొట్టేది ఒక్క క్లిక్కు. ఫోల్డర్‌ని కొత్త కంప్యూటర్‌లో పెట్టి మెషీన్ ఆన్ చేయగానే ఒక పెట్టె వస్తుంది: దీన్ని తరలించారా, కాపీ చేశారా? కింద బటన్లు, ‘ఐ మూవ్డ్ ఇట్’, ‘ఐ కాపీడ్ ఇట్’. తెలియకపోతే ‘ఐ కాపీడ్ ఇట్’ నొక్కమని ఆ పెట్టెలోనే సలహా ఉంటుంది. మీరు పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి తెచ్చారు కదా, నిజాయితీగా అదే నొక్కుతారు. ఆ క్షణంలో కొత్త యూయూఐడీ, కొత్త మ్యాక్ పుడతాయి. లోపలి విండోస్‌కి అది వేరే కంప్యూటర్. తరలించేటప్పుడు ‘ఐ మూవ్డ్ ఇట్’ మాత్రమే నొక్కాలి. నాకు తెలిసిన ఒక డీటీపీ సెంటర్‌లో సరిగ్గా పెళ్లిళ్ల సీజన్‌లో ఈ బటన్ తప్పు నొక్కి, శుభలేఖల పని వదిలేసి ఒక పూటంతా ఫోన్లు పట్టుకు కూర్చున్నారు. ఆ కేసు నేనే సరిచేశాను. పాత ఫోల్డర్ ఇంకా ఉంది కాబట్టి దాన్నే మళ్లీ తెచ్చి, ఈసారి సరైన బటన్ నొక్కితే సరిపోయింది.

వర్చువల్‌బాక్స్‌లో ‘ఎక్స్‌పోర్ట్ అప్లయన్స్’ వాడొద్దు. యూట్యూబ్‌లో చాలామంది అదే చూపిస్తారు, ఒకే ఫైలు వస్తుంది కాబట్టి చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ఇంపోర్ట్ చేసినప్పుడు అక్కడ కొత్త మెషీన్ తయారవుతుంది, యూయూఐడీ మారుతుంది. నా పద్ధతి ఇది, ఇదే సరైనది. మెషీన్‌ని పూర్తిగా షట్‌డౌన్ చేయండి, నడుస్తున్నచోటే ఆపి దాచే సేవ్ స్టేట్ కాదు. మెషీన్ ఫోల్డర్ మొత్తం, అందులోని వీబాక్స్ సెట్టింగుల ఫైలు, డిస్కు ఫైలు, ఫర్మ్‌వేర్ సెట్టింగులుండే ఎన్‌వీర్యామ్ ఫైలు, స్నాప్‌షాట్ల ఫోల్డర్, ఏదీ వదలకుండా కొత్త కంప్యూటర్‌కి కాపీ చేయండి. అక్కడ ‘న్యూ’ నొక్కి పాత డిస్కు తగిలించొద్దు. మెషీన్ మెనూలో ‘యాడ్’ నొక్కి ఆ వీబాక్స్ ఫైలునే చూపించండి. అంకెలన్నీ ఆ ఫైల్లోనే ఉన్నాయి, అవే వస్తాయి.

కొత్త కంప్యూటర్‌లో మొదటిసారి లేపేటప్పుడు నెట్ కేబుల్ తీసేసినట్టు పెట్టండి, నెట్‌వర్క్ సెట్టింగుల్లో ఆ టిక్కు ఉంటుంది. లేచాక ఎస్‌ఎల్‌ఎంజీఆర్ పక్కన స్లాష్ ఎక్స్‌పీఆర్ కొట్టి చూడండి. శాశ్వతంగా యాక్టివేట్ అయి ఉంది అంటే నెట్ కలపండి. కాదంటే కంగారుపడి కీ మళ్లీ మళ్లీ కొట్టొద్దు. ఆపేసి, పాత వీబాక్స్ ఫైలునీ కొత్తదాన్నీ టెక్స్ట్ ఎడిటర్‌లో పక్కపక్కన తెరవండి. యూయూఐడీ, మ్యాక్ అడ్రస్ ఒక్కో అక్షరం పోల్చండి. తేడా ఉన్నచోటే రోగం ఉంది. అన్నీ సరిపోయినా యాక్టివేట్ కాకపోతే నెట్ కలిపి, యాక్టివేషన్ పేజీలో ట్రబుల్‌షూటర్ నడిపి, ఈమధ్య హార్డ్‌వేర్ మార్చానని చెప్పి, అకౌంట్‌తో లాగిన్ అయి, జాబితాలో ఆ మెషీన్‌ని ఎంచుకోండి. ముందు అకౌంట్ కలపమన్నది ఈ గడియ కోసమే.

ఇలా మార్చాక పాత కంప్యూటర్‌లోని కాపీని నడపకండి. రెండూ ఒకే గుర్తుతో లేస్తే అవి ఒక లైసెన్సు మీద రెండు యంత్రాలు. రెండూ కావాలంటే రెండో కీ కొనాలి. కొత్తదానిలో వారం రోజులు పని సాఫీగా సాగాక పాత ఫోల్డర్ చెరిపేయండి.