పరిశోధన పేపర్ కోసం బ్యాంకు కార్డు తీయొద్దు: అమెరికా వచ్చిన అనంతపురం పిల్లలకు

అనంతపురం, కదిరి, ధర్మవరం వైపు నుంచి ఈ ఏడు ఎమ్మెస్‌కు వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ నాలుగు మాటలు. సిమ్ కార్డు, బ్యాంకు ఖాతా సంగతి సీనియర్లు చూసుకుంటారు. లైబ్రరీ సంగతి ఎవరూ చెప్పరు. నాకూ చెప్పలేదు. మొదటి సెమిస్టర్‌లో ఒక్క పరిశోధన పేపర్ కోసం 35 డాలర్లు కట్టాను. అదే పేపర్ మా లైబ్రరీ లాగిన్‌తో ఊరికే వస్తుందని వారం తర్వాత తెలిసి ప్రాణం ఉసూరుమంది. మీకు అట్లా కాకూడదు.

అందుకే ముందు ఈ పని చేయండి. పరిశోధన పేపర్లు వెతికే గూగుల్ స్కాలర్ సైట్ సెట్టింగ్స్‌లో ‘లైబ్రరీ లింక్స్’ తెరిచి మీ యూనివర్సిటీ పేరు చేర్చండి. మీ లైబ్రరీ చందా కట్టిన పేపర్ల పక్కన అప్పటినుంచి లింకు కనబడుతుంది. రూములో ఉన్నా క్యాంపస్ ఐడీతో తెరుచుకుంటుంది. లింకు లేకపోతే పేపర్ కింద ‘ఆల్ వెర్షన్స్’ నొక్కి చూడండి, రచయిత పెట్టిన ఉచిత ప్రతి చాలాసార్లు అక్కడే ఉంటుంది. వైద్యం, జీవశాస్త్రాలకు పబ్‌మెడ్ సెంట్రల్, ఫిజిక్స్, కంప్యూటర్లకు ఆర్కైవ్ (arXiv) అనే ఉచిత సైట్లు ఉన్నాయి. ఎక్కడా దొరక్కపోతే ఇంటర్‌లైబ్రరీ లోన్ ఫారం నింపండి. వేరే యూనివర్సిటీ నుంచి పీడీఎఫ్ తెప్పిస్తారు, చాలాచోట్ల విద్యార్థికి ఖర్చుండదు.

ఇక అసలు చిక్కు వెతికే మాటలో ఉంది. మన దగ్గరే ఒక ఊళ్లో శెనక్కాయ, ఇంకో ఊళ్లో బుడ్డలు, పుస్తకంలో వేరుశనగ. ఇంగ్లీషులోనూ అంతే. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు గ్రౌండ్‌నట్ అంటారు, అమెరికాలోని జార్జియాలో పీనట్ అంటారు. ఒక్క మాటతో వెతికితే సగం పరిశోధన మీ కంటపడదు. రెండు మాటలూ రాసి మధ్యలో ‘ఓఆర్’ (OR) అని ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో పెట్టండి. అరాకిస్ హైపోజియా అనే శాస్త్రీయ నామంతోనూ వెతకండి. కరువుకు డ్రాట్ ఒక్కటే కాదు, వాటర్ డెఫిసిట్, మాయిశ్చర్ స్ట్రెస్ కూడా వాడతారు. మంచి పేపర్ ఒక్కటి చిక్కితే ‘సైటెడ్ బై’ నొక్కండి, దాన్ని ప్రస్తావించిన తర్వాతి పేపర్లు కనిపిస్తాయి.

మన వైపు నేల, వాన, పంటల మీద లోతైన సమాచారం కావాలంటే శోధ్‌గంగ చూడండి. భారతీయ యూనివర్సిటీల పీహెచ్‌డీ థీసిస్‌లు అందులో ఉచితం, అమెరికా నుంచైనా తెరుచుకుంటాయి.

మన కాలేజీల్లో లైబ్రేరియన్ అంటే పుస్తకం ఇచ్చి ముద్ర కొట్టే ఆయనే అనుకుంటాం. ఇక్కడ చాలా యూనివర్సిటీల్లో ఒక్కో సబ్జెక్టును చూసుకునే సబ్జెక్ట్ లైబ్రేరియన్ ఉంటారు. అపాయింట్‌మెంట్ తీసుకుంటే పక్కన కూర్చుని ఎలా వెతకాలో చూపిస్తారు. ఇంగ్లీషు తడబడుతుందని వెనకాడకండి, అది వాళ్ల ఉద్యోగమే.

ఇంటి దగ్గర ప్రభుత్వ యూనివర్సిటీలో చదివే మీ జూనియర్లకు కూడా ఒక మాట చేరవేయండి. 2025 జనవరి 1 నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద సుమారు 13,000 జర్నళ్లు (పరిశోధన పత్రికలు) అందుబాటులోకి వచ్చాయి. తమ లాగిన్ ఎట్లా తీసుకోవాలో కాలేజీ లైబ్రరీలో అడగమనండి.